కర్ర ఉన్నవాడిదే బర్రె అనేవాళ్లకు

దక్షిణ చైనా సముద్రం గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు "కర్ర ఉన్నవాడిదే బర్రె, ఇంక కోర్టులెందుకు?" అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

2012లో ఆ సముద్రంలోని స్కార్‌బరో షోల్ అనే పగడపు దిబ్బ దగ్గర చైనా, ఫిలిప్పీన్స్ నౌకలు ఎదురెదురుగా మోహరించాయి. చివరికి ఫిలిప్పీన్స్ వెనక్కి తగ్గింది, చైనా అక్కడే తిష్ట వేసింది. ఆ దిబ్బ ఫిలిప్పీన్స్ దీవి లూజాన్ తీరానికి దాదాపు 120 నాటికల్ మైళ్ల దూరంలోనే ఉంది. చైనాతో ఓడలతో తలపడే శక్తి లేక ఫిలిప్పీన్స్ 2013 జనవరిలో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం కింద కేసు వేసింది. చైనా విచారణకే రాలేదు. 2016 జులై 12న తీర్పు వచ్చింది. ఆ సముద్రంలో దాదాపు అంతా తనదేనని చూపే తొమ్మిది గీతల మ్యాపు పట్టుకుని అక్కడి వనరుల మీద చైనా చెప్పుకునే చారిత్రక హక్కులకు ఆధారం లేదని, కేసు విన్న ట్రిబ్యునల్ తేల్చింది. తరతరాలుగా స్కార్‌బరోలో చేపలు పట్టుకునేవాళ్లను అడ్డుకోవడం తప్పంది. కృత్రిమ దీవుల కోసం పగడాలను నాశనం చేయడమూ తప్పేనంది.

తీర్పు చెల్లదని చైనా ప్రకటించేసింది. మిస్చీఫ్ రీఫ్ అనే మరో దిబ్బ మీద చైనా కట్టిన రన్‌వే అలాగే ఉంది. 2024 జూన్‌లో సెకండ్ థామస్ షోల్ అనే ఇంకో దిబ్బ దగ్గర, తుప్పుపట్టిన ఓడలో కాపలా ఉన్న తమవాళ్లకు ఫిలిప్పీన్స్ సరుకులు చేరవేయబోతే చైనా కోస్ట్‌గార్డ్ అడ్డుపడింది. ఆ ఘర్షణలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. ఇవన్నీ చూసి చట్టం ఓడిపోయిందని ఎవరైనా అంటే వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

కానీ బలమే చాలితే, 2025 సెప్టెంబర్‌లో చైనా అదే స్కార్‌బరోలో ప్రకృతి సంరక్షణ ప్రాంతాన్ని ఎందుకు ప్రకటించినట్టు? ఓడలతో ఆక్రమించినదానికి కూడా చట్టబద్ధత కావాలి కాబట్టే. ఆ చట్టబద్ధతకు 2016 తీర్పు అడ్డంగా నిలబడి ఉంది. 2020లో ఇండోనేషియా ఐక్యరాజ్యసమితికి రాసిన లేఖలో ఆ తీర్పునే ఉదహరించింది. బీజింగ్‌తో స్నేహం కోసం దాన్ని పక్కన పెట్టిన అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు డ్యుటెర్టే కూడా, అదే ఏడాది ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో అది అంతర్జాతీయ చట్టంలో భాగమని చెప్పాల్సి వచ్చింది. ఈ కేసుకు ఆధారమైన సముద్ర చట్టాల ఒప్పందాన్ని అమెరికా ఇప్పటికీ ఆమోదించకుండానే అందరికీ నీతులు చెబుతోంది. అది చైనాకు ఉచితంగా దొరికిన సాకు.

ఈ విషయంలో గట్టిగా మాట్లాడే అర్హత మనకుంది. 2014 జులైలో, బంగాళాఖాతంలో సముద్ర సరిహద్దు మీద మనకూ బంగ్లాదేశ్‌కూ నడిచిన కేసులో వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. విశాఖలో తూర్పు నౌకాదళాన్ని పెట్టుకున్న దేశం, తనకంటే ఎంతో చిన్న పొరుగుదేశం గెలిచిన తీర్పును అంగీకరించింది. నాకు అది గర్వకారణం. అలాంటి మనం 2016లో తీర్పును "గమనించాం" అని ఊరుకున్నాం. దానికి కట్టుబడాలని నోరు విప్పి చెప్పడానికి 2023 దాకా ఆగాం.

2024లో ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ క్షిపణులు పంపాం. పంపాల్సిందే, తీరాన్ని కాపాడుకోవడానికి వాళ్లకు అవి కావాలి. కానీ సరిహద్దులో టెన్షన్ పెరుగుతుందేమోనని బీజింగ్ ముందు మాత్రం మాట మింగకూడదు. మాకు నష్టం చేసిన తీర్పుకే మేం తలవంచాం, మీరూ తలవంచండి అని మన విదేశాంగ మంత్రి అక్కడే, వాళ్ల ముందే చెప్పాలి.