డిక్కీల అన్నీ ఉన్నయ్!

మన వరంగల్ కార్లలో ఎమర్జెన్సీ కిట్ ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి. బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ ఉంది. డ్యాష్‌బోర్డు మీద భద్రకాళి అమ్మవారు కొలువై ఉన్నారు. దసరాకు గుమ్మడికాయ కొట్టించాం. ఫోన్‌లో బామ్మర్ది నంబరు ఉంది. ఈ ఏర్పాట్లలో ఆ చివరిదానికే చిన్న ఇబ్బంది. పస్రా దాటి తాడ్వాయి అడవిలో టైరు పోయి, ఫోన్‌లో సిగ్నల్ కూడా పోతే బామ్మర్ది ఎంత మంచోడైనా లాభం లేదు.

అప్పుడు స్టెప్నీ గుర్తొస్తుంది. స్టెప్నీ డిక్కీ అడుగున ఉంటుంది. దాని మీద కార్పెట్, కార్పెట్ మీద ఏనుమాముల నుంచి తెచ్చిన మిర్చి సంచి, ఆపైన మేడారానికి బంగారం, అంటే బెల్లం, ఆపైన చాప, గిన్నెలు, అత్తమ్మ బట్టల సంచి. వీటన్నిటినీ రోడ్డు మీద పరిచాక స్టెప్నీ దర్శనమిస్తుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది.

వాడినా వాడకపోయినా టైరులోంచి నెలకు ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి పోతూనే ఉంటుంది. 33 పెట్టించిన స్టెప్నీ ఏడాది తిరిగేసరికి సగానికి దిగుతుంది. మామూలు సైజుదైతే మిగతా టైర్ల కన్నా రెండు మూడు పీఎస్ఐ ఎక్కువే పెట్టించాలి. కొన్ని కార్లలో సన్నటి స్టెప్నీ ఇస్తారు. దానికి 60 పీఎస్ఐ దాకా కావాలి, స్పీడు 80 దాటొద్దు. ఆ సంగతి దాని మీదే రాసి ఉంటుంది. కానీ స్టెప్నీ మీద రాత చదవడానికి మనమేమన్నా పోటీ పరీక్షకు కూర్చున్నామా? అమావాస్య అమావాస్యకు నిమ్మకాయల దండ మార్చేవాళ్లు అదే రోజు స్టెప్నీకి గాలి కూడా చూపిస్తే శాస్త్రానికి భంగమేమీ రాదు.

జాకీ విషయంలో మన పద్ధతి ఇంకా ఉదారమైంది. ముందు బండిని లేపుతాం, తర్వాత నట్లు విప్పబోతాం. చక్రం గాలిలో గిరగిరా తిరుగుతుంది. "గట్టిగ పట్టుకోరా" అని పిల్లగానికి చెబుతాం. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూలకు ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టి, టైరు నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాత లేపాలన్నది తయారుచేసినవాళ్ల అభిప్రాయం. జాకీని డోరు కింద అంచున ఉండే గాటు దగ్గరే పెట్టమనీ అంటారు. ఇంకోచోట పెడితే రేకు వంగుతుంది. మన రేగడి నేలలో బండి లేవదు, జాకీయే దిగుతుంది. అందుకే జాకీ కింద వేయడానికి అడుగు పొడవు చెక్క ఒకటి డిక్కీలో పడేయండి. కంపెనీ ఇచ్చే పానా పొట్టిది. రెండడుగుల ఇనుప పైపు తొడిగితే మొండి నట్టు కూడా కదులుతుంది. బిగించేటప్పుడు మాత్రం పైపు వద్దు, బోల్టు తెగుతుంది. ఎదురెదురు నట్లు బిగించుకుంటూ పోయి, 50 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూసుకోవాలి.

ఇంత పని నడుస్తున్నప్పుడు వెనక వచ్చే గ్రానైట్ లారీకి మనం కనబడాలి. దీనికి రిఫ్లెక్టర్ త్రికోణం ఉంటుంది, కనీసం 50 మీటర్లు వెనక పెట్టాలి. మలుపుంటే మలుపుకు ముందే పెట్టాలి. మనకు ఇంతకన్నా ప్రాచీనమైన విధానం ఉంది: వేపకొమ్మ విరిచి, నాలుగు రాళ్లు పేర్చడం. బండి బాగయ్యాక ఆ రాళ్లను అక్కడే వదిలి పోతాం. తర్వాత వచ్చేవానికి కూడా ఒక ఎమర్జెన్సీ ఉండాలి కదా. యాసంగి వడ్లు ఎండబోసే రోజుల్లోనైతే ఈ సేవ రోడ్డు పొడుగునా ముందే జరిగి ఉంటుంది.

చచ్చిన బ్యాటరీకి ఇంకో బండి నుంచి కరెంటు అందించే బ్యాటరీ కేబుళ్లు చౌకలో కొన్నవారికి ప్రత్యేక అభినందనలు. చూడటానికి వైరు లావుగానే ఉంటుంది. లావంతా ప్లాస్టిక్‌ది, లోపల రాగి దారమంత. మందపాటి రాగివి కొనండి, రెండున్నర మీటర్లకు తగ్గొద్దు. ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నలుపు మంచిదాని మైనస్‌కు, చివరి కొస చచ్చిన బండి ఇంజిన్ మీది రంగులేని ఇనుముకు. దాన్ని బ్యాటరీ మైనస్‌కే తగిలిస్తే అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకోవచ్చు. తీసేటప్పుడు ఈ వరుసంతా తలకిందులు.

ఇక మన ఎండలు. రామగుండంలో 45 డిగ్రీలున్న రోజు మూసి ఉన్న కారులో వేడి 60 దాటుతుంది. అందులో శానిటైజర్, సెంటు డబ్బా, లైటర్, పవర్ బ్యాంకు పెట్టి "కిట్" అని పేరు పెట్టినవాళ్లు ఎమర్జెన్సీ కోసం ఎదురుచూడక్కర్లేదు. అది వాళ్లతోనే ప్రయాణం చేస్తోంది. మంటలార్పే ఒక కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ ముందు సీటు కింద ఉండాలి, సూది ఆకుపచ్చలో ఉండాలి. డిక్కీలో పెడితే మంట ఆగి మన కోసం చూడదు.

అద్దం పగలగొట్టే సుత్తిని మాత్రం చాలామంది భద్రంగా డిక్కీలోనే, కవరు కూడా చింపకుండా ఉంచుతున్నారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి నాడు వాగులో ఇరుక్కున్న కారులో కూర్చొని డిక్కీ తెరవడం ఎలాగో వారే చెప్పాలి. సుత్తి డ్రైవరు చేతికి అందాలి. పక్క అద్దం మూలన కొట్టాలి, ముందు అద్దం పగిలినా ఊడిరాదు. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, లోపలికి నీళ్లు పోయి ఉంటే ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అడుగెత్తున పారే నీళ్లు చిన్న కారును లేపుతాయి. "ఏం గాదు పోనియ్యే" అనే బావను వెనక సీట్లో కూర్చోబెట్టి రివర్స్ గేరు వేయండి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా షోరూమ్ వాళ్లే ఇచ్చారు. సీలు తీసి తేదీలు చూడండి. రోలు బ్యాండేజీలు, గాయం మీద వేసే పలుచటి గాజ్ గుడ్డ, గ్లౌజులు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే చాలు, మిగతాది 108 చూసుకుంటుంది. సీలు ముందే తీసి ఉన్నట్టయితే కత్తెర ఒకటి కొత్తది కొని పెట్టండి. పాతది ఎవరిదో షాపు ఓపెనింగ్‌లో రిబ్బను కత్తిరించడానికి పోయింది.