అరకు చవకే, గది అడగకపోతే
ఎండల నుంచి తప్పించుకోవాలంటే విశాఖ వాళ్లకి అరకు కంటే చవకైన చోటు లేదని ఎవరో రాశారు. సగమే ఒప్పుకుంటాను. పొద్దున్నే విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో జనరల్ టికెట్ తీసుకుంటే ప్రయాణానికి పెద్దగా ఖర్చవదు. ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి విశాఖ కంటే చల్లగానే ఉంటుంది. కానీ డబ్బులు కరిగేది దిగాకే. పోయినేడాది మే నెలలో, అదీ శనివారం వెళ్లాం (మా తెలివి అలా ఏడిచింది). ఫోన్లో చెప్పిన గది అద్దె అక్కడికెళ్లేసరికి రెట్టింపయింది. పిల్లలు, అమ్మ, సంచులతో వెనక్కి తిరగలేం కదా, ఇచ్చేశాం. అప్పటి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయడమే. అసలు మన ఊళ్లో ఏడిపించేది ఎండ కంటే ఉక్కపోత. 35 డిగ్రీలే ఉన్నా చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. గాలి ఆడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. ఊళ్లోని కైలాసగిరి కొండ మీద వేడేమీ పెద్దగా తగ్గదు, సముద్రం గాలి మాత్రం మొహానికి కొడుతుంది. పడమటి గాలి వీచే రోజుల్లో అదీ ఉండదనుకోండి, ఆ రోజు బీచ్ రోడ్డుకెళ్లినా దండగే. మధ్యాహ్నాలు మా నాన్న ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఫ్యాను కింద పేపర్లన్నీ తిరగేసి, సాయంత్రం అరడజను తాటిముంజలతో ఇంటికొస్తారు. ఆయన వేసవి ఖర్చు ఆ ముంజలే.