సిరిలిక్‌కు కాపలా కావలసింది ఎక్కడ?

సెర్బియన్ భాషను రష్యన్ తరహా సిరిలిక్ లిపిలోనూ రాస్తారు, ఇంగ్లిష్ తరహా లాటిన్ లిపిలోనూ రాస్తారు. చదువుకున్న సెర్బులకు రెండూ అలవాటే. అయినా సెర్బియా 2006 రాజ్యాంగం సిరిలిక్‌నే అధికార లిపి చేసింది. 2021లో ఇంకో చట్టం తెచ్చి ప్రభుత్వ సంస్థల్లో దాని వాడకాన్ని మరింత బిగించారు. సొంత దేశంలో, సొంత సర్కారు అండ ఉన్న లిపికి ఇంత కాపలా దేనికి?

రాజధాని బెల్‌గ్రేడ్‌లో దుకాణాల బోర్డుల మీద, ఫోన్ మెసేజీల్లో లాటిన్ జోరు ఎక్కువన్నది నిజమే. అంతమాత్రాన అది పరాయిదైపోదు. మాట్లాడినట్టే రాయాలని పట్టుబట్టి సిరిలిక్‌ను సంస్కరించిన వుక్ కరాజిచ్, 'య' ధ్వనికి అక్షరాన్ని లాటిన్ నుంచే తెచ్చుకున్నాడు. చర్చి పెద్దలు మండిపడ్డారు. ఆయన 1864లో పోయాడు. ఆ రాతకున్న ఆంక్షలు సెర్బియాలో పూర్తిగా తొలగింది 1868లో. ఇప్పుడు జాతి చిహ్నమంటూ మొక్కుతున్నది ఆ అరువు అక్షరమున్న లిపికే!

సిరిలిక్ గొప్పతనం లేకపోలేదు. లాటిన్‌లో 'ఎన్', 'జె' జంటగా వస్తే మామూలుగా 'ఞ' అని పలకాలి. ఇంజెక్షన్‌కు వాళ్లు రాసే మాటలో మాత్రం ఆ రెండూ విడివిడిగా పలుకుతాయి. సాఫ్ట్‌వేర్ గుడ్డిగా లిపి మారిస్తే అక్కడే బోల్తా పడుతుంది. సిరిలిక్‌లో 'ఞ'కు విడిగా ఒక అక్షరముంది, తికమకే లేదు. జనాన్ని ఒప్పించడానికి ఈ సుగుణం చాలు, చట్టం అక్కర్లేదు.

కాపలా కావలసింది సరిహద్దు అవతల. యుగోస్లావియా ముక్కలవుతున్న 1991లో యుగోస్లావ్ సైన్యం, సెర్బ్ దళాలు క్రొయేషియాలోని వుకోవర్‌ను ముట్టడించి శిథిలాల దిబ్బ చేశాయి. మైనారిటీలు జనాభాలో మూడో వంతు ఉంటే వాళ్ల భాషకు, లిపికి సమాన హోదా ఇవ్వాలని క్రొయేషియా చట్టం. 2011 జనగణనలో వుకోవర్ సెర్బులు ఆ గీత దాటారు. దాంతో 2013లో ప్రభుత్వ కార్యాలయాలకు సిరిలిక్ బోర్డులు కూడా పెడితే, నిరసనకారులు సుత్తులతో పగలగొట్టారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఊరి మీద ఫిరంగులు పేల్చింది అక్షరాలు కావు. 2021 లెక్కల్లో సెర్బుల వాటా మూడో వంతు కన్నా తగ్గింది. హక్కుకున్న ఆధారమే కదిలింది. తలలు లెక్కబెట్టి ఇచ్చే హక్కుకు ఇదే గతి.

బెల్‌గ్రేడ్ నాయకులు సిరిలిక్‌ను జాతి జెండాలా ఊపిన ప్రతిసారీ, అది శత్రువు జెండా అనే వుకోవర్ సుత్తివాళ్లకే బలం చేకూరుతోంది. అక్కడి బడిలో అదే లిపిలో చదువుకునే సెర్బ్ పిల్లలకు మాత్రం 2021 చట్టం ఒరగబెట్టిందేమీ లేదు.