సంరక్షకుని సంతకం లేని దరఖాస్తు చెల్లదు

ముప్పై ఏడేళ్ల స్త్రీ ఈ దేశంలో ఓటు వేయవచ్చు, అప్పు తెచ్చి ఇల్లు కొనవచ్చు, ఎన్నికల్లో నిలబడి ఓడిపోవచ్చు కూడా. అయితే బెంగళూరు మారతహళ్లిలోని ఒక నీట్ శిక్షణ కేంద్రంలో భౌతికశాస్త్రం నేర్చుకోవాలంటే మాత్రం ఆమె తండ్రి వచ్చి సంతకం చేయాలి. ఇంతటి నిబంధన వెనుక లోతైన ఆలోచన ఉండి తీరుతుందని నమ్మి, దానిని సవినయంగా పరిశీలిస్తున్నాను.

నేను బైపీసీ ముగించింది 2005లో. ఎంసెట్ ర్యాంకు చాలక బయోటెక్నాలజీ డిగ్రీ చదివి, పదిహేనేళ్లుగా ఈ ఊళ్లోనే, మందుల పరీక్షల్లో పాల్గొన్న రోగుల వివరాలను కంప్యూటర్ గళ్లలో నింపుతున్నాను. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చిన నాటి నుంచి, ఆ గళ్లలోని మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలన్న దురాశ మొదలైంది. కనీస వయసు 17 అని కమిషన్ అడుగుతుందే తప్ప, నాన్నగారు క్షేమమా అని అడగదు.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు; ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. సగం ప్రశ్నలు జీవశాస్త్రానివే కనుక అక్కడ పాత పరిచయం కొంత ఆదుకుంది, భౌతికశాస్త్రం మాత్రం నన్ను గుర్తుపట్టనే లేదు. ఇరవై ఏళ్లయినా చెక్కుచెదరకుండా గుర్తున్నది జీర్ణక్రియ పాఠం ఒక్కటే. దానిని 2024లో నీట్ సిలబస్ నుంచి తొలగించారు. తిన్న అన్నం ఎలా అరుగుతుందో ఎవరూ అడగకుండానే రేపటి డాక్టరు కళాశాల మెట్లెక్కవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. నా మార్కులు ప్రతి ఆదివారం సాయంత్రం ఒంగోలులో ఉన్న మా నాన్న ఫోనుకు చేరతాయి. "మీ వార్డు ఫిజిక్స్‌లో 180కి 41 సాధించారు" అన్న సందేశం చూసి, వార్డు అంటే సంరక్షణలో ఉన్న బిడ్డ అని తట్టక, ఆసుపత్రి వార్డు అనుకుని ఆయన కంగారుగా ఫోన్ చేశారు. తర్వాత కేంద్రం వాళ్లు ఆయనను తల్లిదండ్రుల సమావేశానికి రమ్మన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి రాత్రి బస్సెక్కి వచ్చి, నాలుగో తరగతి చదువుతున్న నా కొడుకును వెంటబెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఇంకా మీసాలు సరిగా రాని సలహాదారు గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మాయి ఫోన్ ఎక్కువ వాడుతుందా సార్?"

"వాడుతుంది బాబూ. ఆఫీసు పని కదా, రాత్రి పదకొండు దాటుతుంది."

"పరీక్ష అయ్యేదాకా ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి."

"ఇంటి అప్పు కంతులు అందులోంచే కడుతుంది బాబూ. మరి అవి నన్ను కట్టమంటారా?"

ఆ కుర్రవాడు దీర్ఘంగా ఆలోచించి, "స్నేహాలు గమనిస్తూ ఉండండి" అన్నాడు. మా వాడు చెయ్యెత్తి, అమ్మకు స్నేహితులెవరూ లేరని వాంగ్మూలం ఇచ్చాడు. నాన్న ఎంతో శ్రద్ధగా తలాడించి, చూపించిన చోటల్లా సంతకాలు చేశారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పక్క బల్ల దగ్గర పదిహేడేళ్ల పిల్లవాడొకడు నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న మాత్రం కుర్చీలో కూర్చున్నాడు. వాడి మార్కులను గదంతా వినబడేలా చదివారు, కట్టిన ఫీజును కూడా అదే గొంతుతో చదివారు. వాడు తలెత్తలేదు. ఏం హక్కుంది వీళ్లకు? డబ్బు తీసుకున్నది పాఠం చెప్పడానికా, కన్నతండ్రి ముందు బిడ్డను దొంగలా నిలబెట్టడానికా? నాకు కోపం వస్తే లేచి వెళ్లిపోతాను, నెల మొదట్లో జీతం పడుతుంది. వాడెక్కడికి వెళ్తాడు? హాస్టల్ గేటు దాటాలన్నా ఇంకొకరి సంతకం కావాలి. నేను కూడా ఆ రోజు నోరు మెదపలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

వచ్చే శనివారం మా వాడి బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆ పూట తరగతికి రాలేనని సెలవు చీటీ రాసి, ఒంగోలులో నాన్నచేత సంతకం పెట్టించి, వాట్సాప్‌లో ఫోటో తెప్పించి చూపించాను. ఫోటో చెల్లదట, అసలు కాగితమే తేవాలట.