గిండీ గుర్రాల సంగతి కూడా చూడండి

చెన్నైలోని గిండీ రేస్ కోర్సు (గుర్రప్పందేల మైదానం) మూసేసి వరద నీళ్లు నిలవడానికి చెరువులు తవ్వడం నగరానికి మంచిదేనని మీ వ్యాసంలో రాశారు. నీళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. నెల్లూరు నుంచి వచ్చి గిండీకి దగ్గర్లోని వేళచ్చేరిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. 2015 డిసెంబర్ వరదల్లో మా కింది పోర్షన్‌లో ఫ్రిజ్ నీళ్లలో తేలింది. ఆ 160 ఎకరాల్లో చెరువులు తవ్వితే మాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఆ స్థలానికి రేస్ క్లబ్ సర్కారుకు కట్టాల్సింది 1945 లీజులో ఏడాది అద్దె 614 రూపాయల చిల్లరే. 730 కోట్ల పైచిలుకు అద్దె బకాయి ఉందని 2024 సెప్టెంబర్‌లో సర్కారు సీలు వేయడం కూడా అర్థమవుతుంది. లెక్క తేల్చాల్సిందే.

కానీ మీ వ్యాసంలో గుర్రాల గురించి, వాటిని సాకే మనుషుల గురించి ఒక్క ముక్కా లేదు. అక్కడ పనిచేసే ఒకాయన నాకు పరిచయం. తెల్లవారకముందే లేచి గుర్రం కాళ్లు ఒక్కొక్కటిగా పైకెత్తి, గిట్టలో ఇరుక్కున్న మట్టి తీసేవాడు. చలికాలంలో పరుగు ముగించుకుని వచ్చిన గుర్రం ఒంటి మీద ఆవిరి లేస్తుంటే గోనెపట్టాతో తుడిచేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని, వేరే పని రాదు. యాభై దాటిన మనిషికి సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప ఇంకేం దొరుకుతుంది?

పందేలు నాకు ఇష్టం లేదు, మా బంధువుల్లోనే ఇల్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అయినా ఆ పనివాళ్లకు పరిహారం, గుర్రాలకు నీడ ముందు చూడాలి. చెరువుల పక్కన రేపు ఒక్క కాంక్రీటు కట్టడం కూడా లేవదని రాతపూర్వకంగా హామీ ఇవ్వమని అడగండి, మీ తర్వాతి వ్యాసంలో.