లైట్ డ్యూటీ కుర్చీ గారికి

గౌరవనీయులైన కుర్చీ గారూ,

దెబ్బ తగిలినవాళ్లకు ఇచ్చే తేలిక పని, అదే లైట్ డ్యూటీ పేరుతో ఏడు వారాలు మీ మీద కూర్చున్న మనిషిని. గుర్తుపట్టే ఉంటారు, మీ పొట్టి కాలి కింద అట్టముక్క మడిచి పెట్టింది నేనే.

నా భుజానికి దెబ్బ తగిలిన మర్నాడు పొద్దున్నే ఇంటికి బండి పంపారు. పన్నెండేళ్ల సర్వీసులో నాకోసం బండి రావడం అదే మొదటిసారి. ఎంత ప్రేమో అనుకుంటూ ఎక్కాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాక అర్థమైంది. అక్కడి బోర్డు మీద ‘ప్రమాదం వల్ల పనిదినం పోకుండా గడిచిన రోజులు’ అని ఉంటుంది కదా, దాని కింద 211 చెరిపి 212 రాస్తున్నారు. నేను ఇంట్లో పడుకుంటే సున్నా రాయాలి. మీ మీద కూర్చుంటే చాలు, ప్రమాదం జరగనట్టే.

మీ పక్కన డ్రమ్ము, దాన్నిండా బోల్టులు. ఎనిమిది మి.మీ.వి ఒక ట్రేలో, పది మి.మీ.వి ఇంకో ట్రేలో వెయ్యాలి. దెబ్బ కుడి భుజానికి, డ్రమ్ము కూడా కుడివైపే. ఎడమవైపుకు జరపమని అడిగితే తొమ్మిది రోజులు పట్టింది. అదీ పోనివ్వండి. సాయంత్రానికి వేరు చేసినవన్నీ మర్నాడు పొద్దునకల్లా మళ్లీ డ్రమ్ములో కలిసిపోయేవి. మూడో రోజు ఒక బోల్టుకు సుద్దముక్కతో గీత పెట్టి చూశాను. ఆ బోల్టు నన్ను పలకరించడానికి రోజూ వచ్చేది.

ఐదు కిలోలకు మించి ఎత్తకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే, సూపర్‌వైజర్ గారు రెండుసార్లు చదివి, "ఎత్తకూడదన్నారు గానీ, లాగకూడదనలేదుగా" అన్నారు.

పనిలో దెబ్బ తగిలితే ఖర్చు కట్టే ఇన్సూరెన్సును మాత్రం ఏమీ అనను. స్కానింగు, మందులు, ఫిజియోథెరపీ అన్నీ అదే కట్టింది. తప్పు నీదా, యజమానిదా అని అడగలేదు. (అందుకు బదులుగా యజమాని మీద దావా వేసే హక్కును చాలా దేశాల్లో వదులుకోవాలి.) 1837లో ఇంగ్లండులో చార్లెస్ ప్రీస్ట్లీ అనే మాంసం కొట్టు పనివాడికి ఇంతపాటి అదృష్టం కూడా లేదు. మోయలేనంత సరుకు వేసిన బండి విరిగి అతని తొడ ఎముక విరిగితే, జ్యూరీ ఇప్పించిన 100 పౌండ్లను పై కోర్టు కొట్టేసింది. ప్రమాదమనిపిస్తే ఆ పని చెయ్యననాల్సింది కదా అన్నారు. తప్పెవరిదో తేల్చకుండానే పనివాడికి డబ్బిచ్చే బీమా చట్టం జర్మనీలో బిస్మార్క్ హయాంలో, 1884లో వచ్చింది.

ఆ ఇన్సూరెన్సు పంపిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒకరోజు టేపు పట్టుకుని ఫ్యాక్టరీకే వచ్చింది. మిమ్మల్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా నా మెషీన్ దగ్గరికి వెళ్లింది. భుజం పైకి చెయ్యి ఎత్తాల్సిన చోట కొలిచి, బిగింపును జానెడు కిందికి దించమంది. మొదటి వారం రోజుకు రెండు గంటలు నా మెషీన్ మీదే, తర్వాతి వారం నాలుగు గంటలు. ఇంట్లో గోడ మీద వేళ్లు ఎంత పైకి పాకితే అంత దగ్గర పెన్సిల్ గీత పెట్టుకోమంది. ఇందులో ఇన్సూరెన్సు వాళ్ల దయేమీ లేదు లెండి. మనిషి ఎంత ఆలస్యంగా పనిలోకి వస్తే వాళ్లకు అంత ఖర్చు. అయినా నా పెన్సిల్ గీతలు పైకే వెళ్లాయి. మీ దగ్గర కూర్చున్నన్నాళ్లూ బోర్డు మీది అంకె ఒక్కటే పైకి వెళ్లింది.

ఈ ఉత్తరం అసలెందుకంటే, నేను లేచిన మర్నాడే ప్యాకింగ్ సెక్షన్ కుర్రాణ్ని మీ మీద కూర్చోబెట్టారట. వాడికి దెబ్బ తగిలింది ఎడమ చేతికి. డ్రమ్ము ఇప్పుడు ఎడమవైపే ఉంది.

ఇట్లు,
అట్టముక్క పెట్టినవాడు