పిల్లలకు కావాల్సింది ఇంటి ముందు సందు

సాయంత్రం ఐదు దాటాక హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పిల్లలు కార్ల మధ్య క్రికెట్ ఆడుతుంటారు. కారొస్తే ఆట ఆగుతుంది. బాల్ అద్దానికి తగిలిందా, ఆ రోజుకి అంతే. ప్లాన్ కాగితాల్లో వాళ్ల కోసం టాట్‌లాట్ (చిన్నపిల్లలు ఆడుకునే స్థలం) అని గీసిన చోటు ఉంటుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు అక్కడ జనరేటర్ కనిపిస్తుంది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటకు పెద్ద పార్కులు కడితే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. రెండు కిలోమీటర్ల అవతలున్న పార్కుకి ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా పంపలేం. తీసుకెళ్లడానికి నాన్నకు ఆదివారం తప్ప తీరిక ఉండదు. రోజూ ఆడాలంటే ఆ చోటు పిల్లలు తమంతట తాము వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. అంటే ఇంటి ముందు సందే.

నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదే 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ తల్లిదండ్రులు రోడ్లెక్కారు. ఇళ్ల మధ్య వీధుల్లో కార్లు మనిషి నడిచే వేగంతోనే వెళ్లాలని, పిల్లలు రోడ్డు మీదే ఆడుకోవచ్చని 1976లో అక్కడ చట్టంలో చేర్చారు. అలాంటి వీధిని వాళ్లు వూనెర్ఫ్ అంటారు. డ్రైవర్లను బతిమాలుతూ బోర్డులు పెట్టి వదిలేయలేదు. దారిని వంపులు తిప్పారు, మధ్యలో చెట్లు నాటారు. స్పీడుగా పోవాలన్నా కుదరదు.

మన దగ్గరా ఆ ఆలోచన మొదలైంది. ఐదేళ్ల లోపు పిల్లలకు తగ్గట్టు ఇళ్ల చుట్టుపక్కల పరిసరాలను మార్చేందుకు కేంద్రం 2020లో నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్ అనే నగరాల పోటీ ప్రకటించింది. చివరికి ఎంపికైన 10 నగరాల్లో కాకినాడ, వరంగల్ ఉన్నాయి. ఇందులో భాగస్వామి అయిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ నగరాన్ని 95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూడమంటుంది. అది మూడేళ్ల పిల్లల ఎత్తు. అక్కడి నుంచి చూస్తే ఆగి ఉన్న కారు ఒక గోడ, దాని వెనక నుంచి ఏ బండి వస్తోందో తెలియదు. బండ్ల పొగ గొట్టాలు కూడా మనకన్నా వాళ్ల ముక్కుకే దగ్గర. అంగన్‌వాడీకి వెళ్లే ప్రతి దారినీ ఇంజనీర్లు ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చుని చూడాలని నా కోరిక.

ఈమధ్య మా కాలనీలో సీసీ రోడ్డు వేశారు. గుంతలు పోయాయి, అందరం సంతోషించాం. ఇప్పుడు బైకులు ముందుకన్నా స్పీడుగా పోతున్నాయి. గుంతల రోడ్డు మీద ఆడుకున్న పిల్లలే ఇప్పుడు సెల్లార్లో ఆడుతున్నారు.